లండన్ ట్యూబ్ స్టేషన్ల పేర్లతో పజిళ్ళు: తయారు చేయడం, విప్పడం, గొడవ లేకుండా ఆడించడం

పోయిన ఉగాదికి ఇక్కడ లండన్‌లో మా తెలుగువాళ్ళం ఓ నలభై మంది ఒక హాల్లో చేరాం, పచ్చడి అయిపోయింది, భోజనాలు ఇంకో గంట లేటన్నారు, పిల్లలు ఒకటే గోల, ఎవరో "నువ్వు క్విజ్‌లు చేస్తుంటావు కదా, ఏదో ఒకటి ఆడించు" అని మైకు నా చేతిలో పెట్టేశారు. నేనేమో పెద్ద తెలివిగా "ట్యూబ్‌లో అన్నిటికన్నా పొడుగు పేరున్న స్టేషన్ ఏది?" అని అడిగా (ట్యూబ్ అంటే ఇక్కడి భూగర్భ రైలు, లండన్ అండర్‌గ్రౌండ్). నాలుగు జవాబులొచ్చాయి, నాలుగూ కరెక్టే, అదే సమస్య.

ఎలా అంటే, ఇంగ్లీష్ స్పెల్లింగ్‌లో బోర్డు మీద కనపడే అక్షరాలు మాత్రమే లెక్కేస్తే బ్యాటర్సీ పవర్ స్టేషన్‌కి 21, అదే ఫస్టు. కింగ్స్ క్రాస్ సెయింట్ పాంక్రస్‌లో 'సెయింట్'ని బోర్డు మీద పొట్టిగా ఎస్-టీ అని రాస్తారు కాబట్టి దానికి 19, కానీ పూర్తిగా విడదీసి రాస్తే 22. టోటరిడ్జ్ అండ్ వెట్‌స్టోన్‌లో మధ్యలో ఉండేది అండ్ గుర్తు, ఆ గుర్తుని వదిలేస్తే 19, మూడక్షరాలుగా రాస్తే అదీ 22. ఇక వెనకనుంచి ఓ పదేళ్ళ పిల్లాడు లేచి "అంకుల్, హీత్రో టెర్మినల్స్ 2 అండ్ 3 ఉందిగా, అంకెల్ని కూడా స్పెల్లింగ్‌లో రాస్తే 28" అన్నాడు. వాడికి చాక్లెట్ ఇచ్చి కూర్చోబెట్టా గానీ మిగతా ముగ్గురు పెద్దవాళ్ళు భోజనాల దాకా నన్ను వదల్లేదు.

అప్పట్నుంచి ఈ పజిళ్ళు పద్ధతిగా తయారుచేయడం మొదలెట్టా. ఎవరైనా చేయొచ్చు, లండన్‌లో ఉండక్కర్లేదు, స్టేషన్ల లిస్టు ఒకటీ కాస్త ఓపికా ఉంటే చాలు.

మొదటి మెట్టు: లిస్టు, రూల్సు

ఇది బోర్ కొట్టే పనే గానీ ఇక్కడ బద్ధకిస్తే తర్వాత నాలాగే తిట్లు తింటారు.

లండన్ అండర్‌గ్రౌండ్ అంటే 11 లైన్లు, 272 స్టేషన్లు. 2021 సెప్టెంబర్‌లో నార్తర్న్ లైన్ పొడిగించి నైన్ ఎల్మ్స్, బ్యాటర్సీ పవర్ స్టేషన్ తెరిచాక వచ్చిన లెక్క ఇది, దానికి ముందు 270. అంటే నెట్‌లో దొరికే పాత లిస్టులు, పాత క్విజ్ పుస్తకాలు చాలావరకు తప్పు. ఇంకో తిరకాసు ఏంటంటే మ్యాప్ మీద ఓవర్‌గ్రౌండ్, డీఎల్ఆర్, ఎలిజబెత్ లైన్ అన్నీ కలిపి గీస్తారు, ఇండెక్స్‌లోనూ అన్నీ కలిసే ఉంటాయి. అవి లండన్‌లోనే నడిచే వేరే రైళ్ళు, ట్యూబ్ కాదు. మీ పజిల్ ట్యూబ్ వరకేనా, మ్యాప్ మొత్తానికా అనేది ముందే తేల్చుకోండి. ఉదాహరణకి ఆక్టన్ అనే మాట ఉన్న స్టేషన్లు ఎన్ని అంటే ట్యూబ్‌లో నాలుగే (ఆక్టన్ టౌన్, ఈస్ట్, వెస్ట్, నార్త్), మ్యాప్ మొత్తంలో ఏడు. సౌత్ ఆక్టన్ ఒకప్పుడు ట్యూబే, 1959లో ఆపేశారు, ఇప్పుడు ఓవర్‌గ్రౌండ్.

నేను పెట్టుకున్న రూల్స్ ఇవీ: ఈ రోజు నడుస్తున్న ట్యూబ్ స్టేషన్లు మాత్రమే, స్పెల్లింగ్ బోర్డు మీద ఉన్నట్టే, ఖాళీలు, చుక్కలు, అపాస్ట్రఫీలు లెక్కలోకి రావు, అండ్ గుర్తు అక్షరం కాదు. ఎడ్జ్‌వేర్ రోడ్ పేరుతో రెండు వేరే వేరే స్టేషన్లున్నాయి, హామర్‌స్మిత్ పేరుతో కూడా రెండు, పజిల్లో మాత్రం ఒక పేరు ఒకటే. మీ రూల్స్ వేరేగా ఉండొచ్చు తప్పేం లేదు, కానీ ఆట మొదలవకముందే గట్టిగా చదివి వినిపించండి.

లిస్టుని ఒక షీట్‌లో పేస్ట్ చేసి పక్క కాలమ్‌లో అన్నీ చిన్న బడి అక్షరాల్లో, ఖాళీల్లేకుండా పెట్టుకోండి. అరగంట పని. ఇక్కడ్నుంచి మీ పని జల్లెడ పట్టడమే.

రెండో మెట్టు: కానాగంత చేప కథ

ఈ ఆటలో అందరికన్నా పాత, అందరికన్నా ఫేమస్ ప్రశ్న ఒకటుంది: ఇంగ్లీష్‌లో 'మాకరల్' అనే మాటలోని ఒక్క అక్షరం కూడా లేని ట్యూబ్ స్టేషన్ ఏది? మాకరల్ అంటే చేప, మన కోస్తాలో కానాగంతలంటాం చూడండి, ఆ జాతే. జవాబు సెయింట్ జాన్స్ వుడ్. అది ఒక్కటే.

జవాబు తెలియడంలో గొప్పేం లేదు, నెట్‌లో కొడితే వచ్చేస్తుంది. అది ఎందుకు పనిచేస్తుందో తెలిస్తే మీరే ఇలాంటివి పుట్టించొచ్చు, కాబట్టి విప్పి చూద్దాం. ఆ మాటలో విడివిడిగా ఉన్న అక్షరాలు ఏడు: ఎమ్, ఏ, సీ, కే, ఈ, ఆర్, ఎల్. వీటిలో ఏ, ఈ అనే రెండు అచ్చులే అసలు మేస్త్రీలు, ఎందుకంటే పార్క్, రోడ్, స్ట్రీట్, గ్రీన్, స్క్వేర్, ఈస్ట్, వెస్ట్, లేన్, గేట్ ఇలా సగం పేర్ల తోకల్లో ఈ రెంటిలో ఒకటి కచ్చితంగా ఉంటుంది, ఒక్క దెబ్బకి పోతాయి. మిగిలేవి ఐ, ఓ, యూ అచ్చులు మాత్రమే ఉన్న కొన్ని పేర్లు. వాటిని మిగతా అయిదు హల్లులు ఏరేస్తాయి. బ్రిక్స్‌టన్‌ని ఆర్ పట్టుకుంటుంది. లౌటన్‌ని ఎల్ పట్టుకుంటుంది, హిల్లింగ్‌డన్‌ని కూడా ఎల్లే. పిమ్లికో ఎమ్‌కీ, ఎల్‌కీ, సీకీ ముగ్గురికీ దొరుకుతుంది. చివరికి చేతికి చిక్కకుండా మిగిలింది ఎస్, టీ, జే, ఓ, హెచ్, ఎన్, డబ్ల్యూ, డీ అక్షరాలతో ఉన్న సెయింట్ జాన్స్ వుడ్.

ఇక్కడే మొదటి మెట్టు విలువ తెలుస్తుంది. 2010లో ఓవర్‌గ్రౌండ్ మీద హాక్స్‌టన్ అని ఒక స్టేషన్ తెరిచారు, దాంట్లోనూ ఆ ఏడక్షరాల్లో ఒక్కటీ లేదు. మ్యాప్ మొత్తం అన్నారంటే మీ ప్రశ్నకి కనీసం రెండు జవాబులు, ట్యూబ్ అన్నారంటే ఒకటే.

దీనికి తమ్ముడు లాంటి ప్రశ్న ఇంకోటి: 'బ్యాడ్జర్' అనే జంతువు పేరులోని ఏ అక్షరమూ లేని స్టేషన్? పిమ్లికో. దీన్ని పైన చెప్పినట్టే మీరే విప్పి చూసుకోండి, మంచి ప్రాక్టీసు.

మూడో మెట్టు: మన మసాలా

చేపలూ బ్యాడ్జర్లూ వాళ్ళవి, మనకేం తక్కువని నేను మన వంటింట్లోంచి ఒక మాట వెతికా. 272 మీద ఒకేసారి పడకుండా ముందు ఒక లైను తీసుకోండి, నేను విక్టోరియా లైన్ తీసుకున్నా, 16 స్టేషన్లే కాబట్టి కాగితం మీద అయిపోతుంది. వాల్తమ్‌స్టో సెంట్రల్, బ్లాక్‌హార్స్ రోడ్, టోటెనమ్ హేల్, సెవెన్ సిస్టర్స్, ఫిన్స్‌బరీ పార్క్, హైబరీ అండ్ ఇజ్లింగ్టన్, కింగ్స్ క్రాస్, యూస్టన్, వారెన్ స్ట్రీట్, ఆక్స్‌ఫర్డ్ సర్కస్, గ్రీన్ పార్క్, విక్టోరియా, పిమ్లికో, వాక్స్‌హాల్, స్టాక్‌వెల్, బ్రిక్స్‌టన్.

మాట 'మసాలా'. ఇంగ్లీష్‌లో రాస్తే వచ్చే అక్షరాలు నాలుగే: ఎమ్, ఏ, ఎస్, ఎల్. ఏ వల్ల వాల్తమ్‌స్టో, బ్లాక్‌హార్స్, టోటెనమ్, ఫిన్స్‌బరీ పార్క్, కింగ్స్ క్రాస్, వారెన్, గ్రీన్ పార్క్, విక్టోరియా, వాక్స్‌హాల్ ఎగిరిపోయాయి. ఎస్ వల్ల సెవెన్ సిస్టర్స్, హైబరీ, యూస్టన్, ఆక్స్‌ఫర్డ్ సర్కస్, స్టాక్‌వెల్. పిమ్లికోని ఎమ్ మింగింది. మిగిలింది బ్రిక్స్‌టన్ ఒక్కటే! "విక్టోరియా లైన్లో మసాలా తగలని స్టేషన్ ఏది?" చదవడానికి కూడా ఎంత బావుందో చూడండి. ఇది కనిపెట్టిన రోజు రాత్రి పదకొండింటికి మా ఆవిణ్ణి లేపి మరీ చెప్పా, ఆవిడ రియాక్షన్ ఇక్కడ రాయను.

అదే మసాలాని మొత్తం ట్యూబ్ మీద చల్లితే మాత్రం పజిల్ చెడిపోతుంది. ఎప్పింగ్, పిన్నర్, డెబ్డెన్, అక్స్‌బ్రిడ్జ్, ఇంకా బోలెడు బయటపడతాయి, ఎందుకంటే మన మాటలో ఈ అనే అచ్చు లేదు, ఆర్ లేదు, ఎన్ లేదు. మొత్తం నెట్‌వర్క్ మీద ఒకే జవాబు రావాలంటే మాటలో ఏ, ఈ రెండూ ఉండాలి, తోడుగా ఆర్, ఎల్ లాంటి ఎక్కువ వాడే హల్లులు ఉండాలి, టార్గెట్ స్టేషన్‌లో మాత్రం అవేవీ ఉండకూడదు.

షీట్‌లో జల్లెడ ఇలా పట్టండి: లిస్టుకి ఒక కాపీ తీసుకుని, మాటలోని మొదటి అక్షరం ఉన్న పేర్లని ఫిల్టర్ చేసి డిలీట్, తర్వాత రెండో అక్షరం, తర్వాత మూడోది. చివర్లో ఒక్క వరసే మిగిలితే పజిల్ పుట్టినట్టు. రెండు మూడు మిగిలితే పారేయకండి, "విక్టోరియా లైన్లో", "జోన్ వన్‌లో" (అంటే ఊరి నడిబొడ్డులో) అని ఒక హద్దు గీస్తే చాలాసార్లు బతికిపోతుంది. ఏమీ మిగలకపోతే మాట మార్చడమే.

నాలుగో మెట్టు: అచ్చులు, లెక్కలు

ఇంగ్లీష్ అచ్చులు అయిదూ ఉన్న ట్యూబ్ స్టేషన్లు రెండే: మాన్షన్ హౌస్, సౌత్ ఈలింగ్. ఇందులో సౌత్ ఈలింగ్‌లో అయిదూ ఒక్కొక్కసారే వస్తాయి, మాన్షన్ హౌస్‌లో ఓ రెండుసార్లు వస్తుంది. కాబట్టి "అయిదచ్చులూ సరిగ్గా ఒక్కోసారే" అని అడిగితే జవాబు ఒకటి.

నాకు మాత్రం ఇందులో జవాబుకన్నా తప్పించుకున్నవే ఇష్టం. లెస్టర్ స్క్వేర్‌లో ఓ ఒక్కటే తక్కువ. గ్లాస్టర్ రోడ్‌లో ఐ ఒక్కటే తక్కువ. సౌత్ కెన్సింగ్టన్‌లో ఏ తక్కువ. వారిక్ అవెన్యూలో ఓ. రైస్లిప్ గార్డెన్స్‌లోనూ ఓ లేదు, దాని పక్కనున్న రైస్లిప్ మేనర్‌లో ఓ ఉంది కానీ ఈ లేదు! ఆడేవాళ్ళు ఇవన్నీ ఒక్కొక్కటే అరుస్తారు, మీరు "ఒక్క అచ్చు తప్పింది" అని చెప్తూ ఉంటే హాలంతా వేడెక్కుతుంది. మంచి పజిల్‌కి జవాబు ఒకటే ఉన్నా దాని చుట్టూ ఇలా అయిదారు 'దాదాపు' జవాబులు ఉండాలి, లేకపోతే తెలిసినవాడు చెప్తాడు, తెలియనివాడు నోరెళ్ళబెట్టి కూర్చుంటాడు, అంతే.

చిన్న చిన్నవి గబగబా చెప్పేస్తా. నాలుగక్షరాల పేర్లు రెండే, బ్యాంక్, ఓవల్. జెడ్ ఉన్నది బెల్సైజ్ పార్క్. జే ఉన్నవి మూడు, సెయింట్ జేమ్సెస్ పార్క్, సెయింట్ జాన్స్ వుడ్ అందరూ చెప్తారు, విల్స్‌డెన్ జంక్షన్ కూడా బేకర్లూ లైన్ స్టేషనే అని ఎవరికీ గుర్తుండదు. వరసగా ఆరు హల్లులు ఉన్నది నైట్స్‌బ్రిడ్జ్, మన ఒత్తు మీద ఒత్తు లాగా. ఏబీసీడీ వరసలో మొదటిది ఆక్టన్ టౌన్, ఆఖరిది వుడ్‌సైడ్ పార్క్.

అపాస్ట్రఫీ మీద ఒకటుంది, నేను అడగను గానీ చెప్తా: పికడిలీ లైన్లో పక్కపక్కనే ఉండే ఎర్ల్స్ కోర్ట్‌కి అపాస్ట్రఫీ ఉంటుంది, బారన్స్ కోర్ట్‌కి ఉండదు. ఇంగ్లీష్ వాళ్ళకి ఇది పెద్ద వినోదం. మనం తెలుగులో రాసేసరికి ఆ తేడానే మాయం.

అయిదో మెట్టు: దాగినవి, తారుమారైనవి

పేర్లలో దాక్కున్న మాటలు వెతకడం పిల్లలకి బాగా నచ్చుతుంది, పెద్దగా తయారీ కూడా అక్కర్లేదు. వైట్‌చాపెల్ స్పెల్లింగ్ మధ్యలో కోతి, అంటే 'ఏప్', దాక్కుంది. స్ట్రాట్‌ఫర్డ్‌లో ఎలుక, హెండన్‌లో కోడిపెట్ట, బ్యాటర్సీలో గబ్బిలం, గోల్డ్‌హాక్ రోడ్‌లో డేగ. కోతి, ఎలుక, కోడి అని తెలుగులో చెప్పి ఇంగ్లీష్ స్పెల్లింగ్‌లో వెతకమనండి, రెండు భాషలూ కలిసి పనిచేయాలి కాబట్టి ఇక్కడ పుట్టిన పిల్లలకి తెలుగు ప్రాక్టీసు కూడా అవుతుంది.

అంకెలు కూడా దాగుంటాయి. టోటెనమ్‌లో 'టెన్' ఉంది, మార్లిబన్, లేటన్‌స్టోన్ స్పెల్లింగుల తోకల్లో 'వన్' ఉంది. దీన్నుంచి నేను చేసినవాటిలో నాకు బాగా నచ్చిన ప్రశ్న: "ఒకే లైన్లో పక్కపక్కనున్న రెండు స్టేషన్లు, ఒకదాంట్లో అంకె పైకి కనపడుతుంది, రెండోదాంట్లో దాగుంది, రెండూ కలిపితే 17. ఏవి?" సెవెన్ సిస్టర్స్, టోటెనమ్ హేల్. మ్యాప్ చూస్తూ కూడా పది నిమిషాలు పట్టింది మావాళ్ళకి.

అక్షరాలు తారుమారు చేసేవి అయితే ఒక మాట పెట్టి ఒక మాట వచ్చేవే వాడండి, అడ్డదిడ్డంగా కలిపేస్తే ఎవరికీ సరదా ఉండదు. మోర్డెన్ తిప్పితే 'మోడర్న్'. ఏంజెల్ తిప్పితే 'యాంగిల్'. బార్కింగ్ తిప్పితే 'బ్రేకింగ్', అంటే బండికి బ్రేకు వేయడం. డెబ్డెన్ తిప్పితే 'బెండెడ్'. టెంపుల్ తిప్పితే 'పెల్మెట్', కర్టెన్ రాడ్డు కనపడకుండా పైన కట్టే చెక్క పట్టీ. ఆఖరిది కష్టం, చివర్లో ఉంచుకోండి.

ఆరో మెట్టు: అర్థం మీద ఆడటం, మన పొడుపుకథ

ఇక్కడ మనకి ఇంగ్లీష్ వాళ్ళకి లేని ఆయుధం ఉంది. ముందు ఊరికే తెలుగులోకి మార్చి అడగండి: ఎర్రవంతెన, నల్లగుర్రం రోడ్డు, గొర్రెలకాపరి పొద, తెల్లనగరం, మైలు చివర. రెడ్‌బ్రిడ్జ్, బ్లాక్‌హార్స్ రోడ్, షెపర్డ్స్ బుష్, వైట్ సిటీ, మైల్ ఎండ్. వెస్ట్ హామ్‌ని "పడమటి పందిమాంసం" అంటే హాలు పగలబడి నవ్వుతుంది, నవ్వనివ్వండి, తర్వాత చెప్పండి అక్కడ హామ్ అంటే మాంసం కాదు, పాత ఇంగ్లీష్‌లో నీళ్ళ మధ్య గట్టునేల లాంటి అర్థం అని.

దాని పై మెట్టు పొడుపుకథ. మా మామయ్యగారు గుంటూరు నుంచి వచ్చి మాతో నెల రోజులున్నారు, అప్పుడు ఒక ఆటకి ఆయనా వచ్చారు. నేను ఇది అడిగా:

"తొండం ఉంది గానీ ఘీంకరించదు, బురుజు ఉంది గానీ రాజు లేడు, మట్టిరంగు బండెక్కితే ఆఖరి మజిలీ అదే."

ఏళ్ళ తరబడి ఇక్కడే ఉంటున్నవాళ్ళు ఫోన్లు తీసి మ్యాప్ వెతుకుతున్నారు. ఈయన కుర్చీలోంచే "అదేవయ్యా అల్లుడూ, నిన్న మనం ఎక్కిన రైలు మొహం మీద రాసుంది కదా, ఏనుగూ కోటా అని" అన్నారు. నిజమే, బేకర్లూ లైన్ దక్షిణం వైపు ఎలిఫెంట్ అండ్ కాజిల్ దగ్గర ఆగిపోతుంది, అటెళ్ళే బండి ముందు అదే పేరుంటుంది, మ్యాప్ మీద ఆ లైన్ రంగు కూడా మట్టిరంగే. క్లూ అంటే ఇలా ఉండాలి: ఒక ముక్క అర్థం మీద, ఒక ముక్క మ్యాప్ మీద. రెండూ అర్థం మీదే పెడితే డిక్షనరీ పరీక్షలా ఉంటుంది, రెండూ మ్యాప్ మీదే పెడితే రోజూ ట్యూబ్ ఎక్కేవాడే గెలుస్తాడు.

నేను రాసిన ఇంకొకటి: "ఏడుగురు అక్కచెల్లెళ్ళు ఏటికి ఈవల, తొమ్మిదిమంది చుట్టాలు ఏటికి ఆవల, అందరిదీ ఒకే జాతి, ఒక్కరికీ కాళ్ళు లేవు." సెవెన్ సిస్టర్స్, నైన్ ఎల్మ్స్. ఏరు అంటే థేమ్స్. సెవెన్ సిస్టర్స్ పేరు అక్కడ గుండ్రంగా నాటిన ఏడు ఎల్మ్ చెట్ల మీదుగా వచ్చింది, నైన్ ఎల్మ్స్ ఎలాగూ ఎల్మ్ చెట్లే. అంటే రెండు స్టేషన్లూ ఒకే చెట్టు! ఈ సంగతి తెలిసినప్పుడు నాకే ఒళ్ళు పులకరించింది, కొత్తగా ఏం కల్పించక్కర్లేదు, పేరు ఎక్కడ్నుంచి వచ్చిందో తవ్వితే పజిల్ దానంతటదే బయటికొస్తుంది.

తవ్వేటప్పుడు జాగ్రత్త మాత్రం ఉండాలి. ఎలిఫెంట్ అండ్ కాజిల్ పేరు 'ఇన్ఫాంటా డి కాస్టీల్' అనే స్పెయిన్ రాకుమారి పేరు చెడి వచ్చిందని ఒక కథ ఊరంతా చెప్తారు, వినడానికి బావుంటుంది గానీ అది కట్టుకథ, అక్కడ ఆ పేరుతో ఒక సత్రం ఉండేది, అంతే. ఇలా సత్రాలు, పబ్బుల నుంచి పేరొచ్చిన స్టేషన్లు ఇంకా ఉన్నాయి: ఏంజెల్, మేనర్ హౌస్, రాయల్ ఓక్, స్విస్ కాటేజ్. "ఈ అయిదింటికీ కామన్ ఏంటి?" అనేది రెడీమేడ్ ప్రశ్న. వాటర్లూ, మైడా వేల్ జంట కూడా అలాంటిదే, రెండూ నెపోలియన్ కాలం యుద్ధాల పేర్లు, ఒకటి 1815 బెల్జియంలో, ఇంకోటి 1806 ఇటలీలో.

క్రికెట్ పిచ్చోళ్ళు ఉంటే ఓవల్ ఎలాగూ అడగొచ్చు, కానీ "లార్డ్స్‌కి ఏ స్టేషన్లో దిగాలి?" అని అడిగి చూడండి. సెయింట్ జాన్స్ వుడ్, మన కానాగంత స్టేషనే. లార్డ్స్ అనే పేరుతోనే ఒక ట్యూబ్ స్టేషన్ ఉండేది, 1939లో ఆ పేరు పెట్టి అదే ఏడాది మూసేశారు. ఇక ఫుట్‌బాల్ క్లబ్బు పేరు మీదే ఉన్నది ఆర్సెనల్, 1932 దాకా దాని పేరు గిలెస్పీ రోడ్.

ఏడో మెట్టు: తెలుగు లిపిలో ఆడితే

ఇది సరిగ్గా చేసినవాళ్ళు నాకెక్కడా కనపడలేదు, అందుకే కాస్త ఆగి చెప్తా. తెలుగులో మనం రాసేది స్పెల్లింగ్ కాదు, పలికేది. ఇంగ్లీష్‌లో లెస్టర్ మధ్యలో, గ్లాస్టర్ మధ్యలో పలకని అక్షరాలు దూరి కూర్చుంటాయి, హోబన్ మధ్యలో ఎల్ ఉంటుంది ఎవరూ పలకరు, సదర్క్‌ని స్పెల్లింగ్ చూసి సౌత్‌వార్క్ అని చదివే కొత్తవాళ్ళు ఎంతమందో (నేనూ ఆర్నెల్లు అలాగే అన్నా). కాబట్టి ఒక పజిల్ మొత్తం లిపి మీదే ఆడితే దానికి లిస్టు కూడా తెలుగులో వేరేగా రాసుకోవాలి, స్పెల్లింగ్ లిస్టుతో కలపకండి.

గడినుడి కట్టే అలవాటున్నవాళ్ళకి తెలుసు, పొల్లుకి గడి ఇవ్వాలా వద్దా అనేది పెద్ద పేచీ. ఓవల్ అంటే ఓ, వ, ల్ అని మూడు గళ్ళా, లేక పొల్లు కలిపి రెండా? నేను మూడు అంటా, మా ఫ్రెండొకడు రెండే అంటాడు. ఏదైనా పర్లేదు, మొదట్లోనే చెప్పండి.

తెలుగు లిపికి మాత్రమే కుదిరే నా పజిల్ ఇది: "చిన్న అనే అర్థమున్న రెండు తెలుగు మాటలు రెండు ట్యూబ్ స్టేషన్ల పేర్ల మొదట్లో కూర్చున్నాయి. ఏవి?" పిన్నర్‌లో పిన్న, అల్పర్టన్‌లో అల్ప. ఇంగ్లీష్ వాడికి జన్మలో తట్టదు! ఇలాంటివి వెతకాలంటే లిస్టుని తెలుగులో రాసుకుని గట్టిగా పైకి చదవాలి, కళ్ళకి దొరకనివి చెవికి దొరుకుతాయి.

ఎనిమిదో మెట్టు: పరీక్ష, క్లూలు

పజిల్ తయారయ్యాక ఇద్దరి మీద ప్రయోగించండి, ఒకరు రోజూ ట్యూబ్ ఎక్కేవాళ్ళు, ఒకరు అసలు లండన్ చూడనివాళ్ళు. మొదటివాళ్ళు తప్పులు పడతారు, రెండోవాళ్ళు ప్రశ్న అర్థమవుతోందో లేదో చెప్తారు. మా తమ్ముడు విజయవాడలో ఉంటాడు, వాడికి మ్యాప్ పంపి వాట్సాప్‌లో అడుగుతుంటా, వాడు "అన్నయ్యా ప్రశ్నే తలాతోకా లేదు" అంటే మళ్ళీ రాస్తా.

ఒక్కో ప్రశ్నకి మూడు క్లూలు రాసి పెట్టుకోండి, వరసగా దారి చిన్నదవ్వాలి. సెయింట్ జాన్స్ వుడ్‌కి నావి: మొదటిది "ఏ, ఈ రెండూ లేని పేర్లు మాత్రమే చూడండి", రెండోది "జూబిలీ లైన్", మూడోది "క్రికెట్". మూడోది చెప్పాక కూడా రాలేదంటే జవాబు చెప్పేసి ముందుకెళ్ళండి, సాగదీయొద్దు.

మీరు విప్పేవైపు ఉంటే మొత్తం మ్యాప్ చూడకండి. ప్రశ్నలో ఏ హద్దు ఉందో పట్టుకోండి, లైనా, అక్షరమా, అర్థమా. అక్షరం లేకపోవడం గురించి అడిగితే పార్క్, రోడ్, స్ట్రీట్, గ్రీన్ లాంటి తోకలున్నవి గుంపులుగా కొట్టేయండి. పొడుపుకథ అయితే రంగు మాట ఎక్కడుందో వెతకండి, అది సాధారణంగా లైను రంగే.

చివరగా: స్టేషన్ అంత్యాక్షరి

తయారీ అస్సలు అక్కర్లేని ఆట. ఒకరు ఒక స్టేషన్ చెప్తారు, దాని ఇంగ్లీష్ స్పెల్లింగ్ ఆఖరి అక్షరంతో మొదలయ్యే స్టేషన్ రెండోవాళ్ళు చెప్పాలి, చెప్పినది మళ్ళీ చెప్పకూడదు. బ్యాంక్, కిల్‌బర్న్, నీస్‌డెన్, నార్తోల్ట్, టెంపుల్, యూస్టన్, ఇలా.

చూడ్డానికి పిల్లల ఆటే గానీ లోపల చదరంగం ఉంది. పార్క్‌తో ముగిస్తే కే వస్తుంది, దాంతో కెన్నింగ్టన్ దగ్గర్నుంచి నైట్స్‌బ్రిడ్జ్ దాకా బోలెడున్నాయి, ఎదుటివాళ్ళకి సుఖం. రోడ్‌తో ముగిస్తే డీ, దాంతో మొదలయ్యేవి నాలుగే నాలుగు: డాగెనమ్ ఈస్ట్, డాగెనమ్ హీత్‌వే, డెబ్డెన్, డాలిస్ హిల్. రోడ్లు మాత్రం లిస్టులో లెక్కలేనన్ని! కాబట్టి గెలవాలంటే రోడ్లు దాచుకుని వరసగా వదలండి, అయిదో రోడ్డుకి ఎదుటి టీమ్ దగ్గర డీ అయిపోతుంది.

అంతకన్నా దుర్మార్గమైనది వై. ఆర్చ్‌వే, క్వీన్స్‌వే, కింగ్స్‌బరీ, ఇలాంటివాటితో ముగిస్తే వైతో మొదలయ్యే స్టేషన్ ట్యూబ్‌లో ఒక్కటి కూడా లేదు, ఆట అక్కడితో ఖతం. అందుకే మేము "వైతో ముగిసేది చెప్పినవాడే అవుట్" అని రూల్ మార్చుకున్నాం, లేకపోతే రెండో వంతులోనే ఎవడో ఒకడు ఆర్చ్‌వే అని కూర్చుంటాడు.

రూల్ మార్చిన రోజే మన పదేళ్ళ పిల్లాడు క్వీన్స్‌వే అని నాలుక కరుచుకున్నాడు, అవుటన్నాం. వాడు ఫోన్లో ఏదో వెతికి "అంకుల్, వైతో యార్క్ రోడ్ ఉందిగా, నేను అవుట్ ఎలా అవుతాను" అని మీదికొచ్చాడు. పికడిలీ లైన్లో యార్క్ రోడ్ నిజంగానే ఉండేది, 1932లో మూసేశారు. మొదటి రూలేంటో గుర్తు చేశా, ఈ రోజు నడుస్తున్న స్టేషన్లు మాత్రమే. వాడు కాసేపు ఆలోచించి, సరే అయితే వచ్చేసారి మూసేసిన స్టేషన్లతో మాత్రమే అంత్యాక్షరి ఆడదాం అన్నాడు, ఇప్పుడు ఆ లిస్టు తయారుచేసే పని నా నెత్తిన పడింది.